వంక దాటే ముందు జీపుకు కావలసినవి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వంకలు ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయే ఉంటాయి. చప్టాల మీదుగా టమాటా బండ్లు, పాల వ్యాన్లు నిశ్చింతగా పోతుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక్క రాత్రి గట్టి వాన కురిస్తే చాలు, పైనున్న చెరువులు వరుసగా మొరవ పోతాయి, తెల్లారేసరికి ఎండు వంక ఏరై పారుతుంది. 2020 నవంబరులో నివర్ తుపాను అప్పుడూ, 2021 నవంబరు వానలప్పుడూ ఈ ప్రాంతం ఆ అనుభవాన్ని గట్టిగానే చూసింది.

‘మనది ఫోర్ వీల్ డ్రైవ్, పోతుందిలే’ అనే మాట వినిపించేది అలాంటి పొద్దుల్లోనే. పోతుందా లేదా అన్నది మూడు విషయాలు తేలుస్తాయి: నీటి లోతు, నీటి వేగం, బండిలోకి నీళ్లు దూరే దారులు. లోతుకూ, ఆ దారులకూ షెడ్డులో సిద్ధం కావచ్చు. వేగానికి మాత్రం ఏ షెడ్డులోనూ మందు లేదు.

ఇంజన్ ఊపిరి

తమ బండి ఎంత లోతు నీళ్లలో నడవగలదో కంపెనీలు చెబుతాయి. మహీంద్రా థార్‌కు అది 650 మిల్లీమీటర్లు, ఫోర్స్ గూర్ఖాకు 700. నేల నుంచి కొలిస్తే పెద్దమనిషికి మోకాలు దాటి తొడ దాకా వచ్చే లోతు ఇది. ఈ హద్దు నిలకడ నీటికి, గట్టి నేలకు మాత్రమే వర్తిస్తుంది. నీటి కింద ఒక గుంత ఉన్నా, బండి ముందు అల లేచినా లెక్క తప్పుతుంది.

ఈ హద్దును ముఖ్యంగా నిర్ణయించేది ఇంజన్ గాలి పీల్చే మూతి ఎంత ఎత్తున ఉందన్నది. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ తీసుకుందాం. ఒక్కో సిలిండర్లో పిస్టన్ సుమారు 550 మిల్లీలీటర్ల మేర పైకీ కిందికీ కదులుతుంది. గాలిని 16 రెట్లు నొక్కే ఇంజన్ అయితే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు 37 మిల్లీలీటర్లే, చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. గాలి ఆ కొద్ది చోటులో ఇముడుతుంది. నీళ్లు అలా నలగవు. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, బాగుచేయించాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి.

స్నార్కెల్ ఈ మూతిని అద్దం పైదాకా ఎత్తుతుంది. గూర్ఖాకు కంపెనీయే అమర్చి ఇస్తుంది, మిగతా బండ్లకు బయట పెట్టించుకుంటారు. అక్కడ చూసుకోవలసింది అతుకులు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా స్నార్కెల్ మూతి మూసి చూడమని మెకానిక్కును అడగండి. ఇంజన్ వెంటనే కుంటుపడితే అతుకులు బాగున్నట్టు. ఏమీ పట్టనట్టు నడుస్తుంటే ఎక్కడో సందు ఉంది, ఆ సందులోంచి రేపు నీళ్లు వస్తాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత, రబ్బరు గొట్టం, క్లిప్పులు అన్నీ వానాకాలానికి ముందే చూడాలి.

ఇరుసుల ఊపిరి

చాలామంది మరిచేది బ్రీదర్లను, అంటే లోపలి గాలి పోయివచ్చే చిన్న మూతులను. ఇరుసులు, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు నడిచేకొద్దీ వేడెక్కుతాయి. ఆ వేడి మీద చల్లని నీళ్లలోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. బ్రీదర్ మట్టితో పూడినా, నీటి కిందే ఉన్నా, ఆ లోటు పూడ్చడానికి ఆయిల్ సీళ్ల పక్కనుంచి నీళ్లు లోపలికి లాగబడతాయి. అందుకే బ్రీదర్లకు సన్న గొట్టాలు తగిలించి బానెట్ లోపల పైభాగం దాకా తెస్తారు. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. నీళ్లలో దిగే ముందు కాసేపు ఆగి బండిని చల్లారనివ్వడం అంతకన్నా తేలిక.

వైర్ల కనెక్టర్లకు విద్యుత్ పరికరాల గ్రీసు పట్టించాలి, చిట్లిన సీళ్లు మార్చాలి. పాత జీపుల్లో ఇంజన్ బెల్టుతో తిరిగే ఫ్యాను నీళ్లను తాకితే రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను చీల్చవచ్చు. అలాంటి బండికి దిగే ముందు బెల్టు తీస్తారు, గట్టెక్కిన వెంటనే మళ్లీ వేస్తారు.

వేగం ముందు బరువు చాలదు

మూత బిగించిన ఖాళీ బిందె బావిలో మునగదు, తలుపులు మూసిన బండీ అంతే. అడుగుభాగం నాలుగు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు అనుకుంటే, దాని మీదికి పది సెంటీమీటర్ల నీళ్లు లేచేసరికి 600 కిలోల బరువును నీళ్లే మోస్తాయి. ముప్పై సెంటీమీటర్లకు 1,800 కిలోలు. లోపలికి నీళ్లు చేరేలోగా టైర్లకు పట్టు పోతుంది. పట్టు లేని చోట ఫోర్ వీల్ డ్రైవ్ తిప్పేది ఉత్త చక్రాలనే.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నిజమైన బండ్లతో దీన్ని పరీక్షించారు. మనిషి నడిచేంత వేగంతో పారే 45 సెంటీమీటర్ల నీళ్లలోనే రెండున్నర టన్నుల నిస్సాన్ పాట్రోల్ అనే ఫోర్ వీల్ డ్రైవ్ బండి నిలకడ కోల్పోవచ్చని తేలింది. 95 సెంటీమీటర్లకు పూర్తిగా తేలిపోయింది. స్నార్కెల్ ఇంజన్‌ను కాపాడగలదు, బండిని నేలకు పట్టి ఉంచలేదు.

మనకు ఇంకా దగ్గరి పాఠం ఉంది. మదనపల్లె మీదుగా పారే బాహుదా చివరికి చేరేది చెయ్యేటికి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు దగ్గర ఆ చెయ్యేటి వరదలో ఆర్టీసీ బస్సులే చిక్కుకుపోయాయి. ప్రాణాలు పోయాయి. బస్సు బరువు ముందు మన జీపు ఎంత?

కాబట్టి చప్టా మీద నీళ్లు పారుతూ అంచు రాళ్లు కనబడకపోతే దిగవద్దు. నీళ్లు ఎర్రగా పారుతున్నా, కొమ్మలు కొట్టుకొస్తున్నా, మట్టం పెరుగుతున్నా దిగవద్దు. చప్టా కింద మట్టి కోసుకుపోయిందో లేదో పైనుంచి తెలియదు.

దిగితే ఎలా, దిగాక ఏం చేయాలి

నీళ్లు నిలకడగా ఉండి, లోతు కట్టెతో కొలిచి, అడుగు గట్టిదని తేలితేనే దిగాలి. కొక్కేనికి తాడు ముందే కట్టి ఉంచాలి. లో రేంజ్‌లో మొదటి లేదా రెండో గేరు వేసి, అద్దాలు దించి, నడక వేగంతో ఆగకుండా పోవాలి. మధ్యలో క్లచ్ తొక్కితే ప్లేట్ల మధ్యకు బురద చేరుతుంది. ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టకూడదు. నీళ్లు లోపలికి పోయి ఉంటే రాడ్డు వంగేది ఆ ఒక్క దెబ్బకే. బండిని బయటికి లాగించి, హీటర్ ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి నీళ్లు పోయించాకే తిప్పాలి.

గట్టెక్కాక బ్రేకును మెల్లగా తొక్కుతూ కొంతదూరం నడిపి ఆరబెట్టాలి. ఆ వారంలోనే డ్రమ్ములు విప్పి ఇసుక తీయించాలి, రేడియేటర్ బురద కడిగించాలి, కీళ్లకు గ్రీసు కొట్టించాలి. ఇంజన్, గేర్‌బాక్సు, ఇరుసుల ఆయిల్ చూడాలి. తెల్లగా మారి ఉంటే నీళ్లు కలిసినట్టే, ఆలస్యం చేయకుండా మార్చాలి. వీల్ బేరింగుల్లో చేరిన నీళ్లు అప్పటికప్పుడు తెలియవు, నెలల తర్వాత తుప్పుగా బయటపడతాయి. బీమా కాగితమూ ఒకసారి చదవాలి. ఇంజన్‌లో నీళ్లు చేరి జరిగే నష్టానికి సాధారణ పాలసీలు తరచుగా డబ్బివ్వవు, దానికి విడిగా ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకోవాలి.

ఈ పనులన్నీ సెప్టెంబరులోగా ముగిస్తే వానాకాలంలో బండి మాట వింటుంది. బాగా సిద్ధం చేసిన బండి వల్ల గట్టు మీద మనకు దొరికేది ఒక స్పష్టత: దాని హద్దు ఎంతో తెలుసు కాబట్టి, ఆ హద్దు దాటిన నీళ్ల ముందు అనుమానం లేకుండా వెనక్కి తిప్పగలం. పది కిలోమీటర్లు చుట్టు తిరిగితే పోయేది కాస్త డీజిలు, ఓ అరగంట సమయం. ఇంట్లో మన కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ లెక్క చాలు.