గుట్టల పూలు పెరటిలో

కర్నూలు నుండి నంద్యాలకు పోవు బాటలో ఓర్వకల్లు రాళ్ళగుట్టలను చూడని విద్యార్థి మనలో ఉండడు. ఎవరును నీరు పోయని ఆ నేలలో, వానకారు వెళ్ళుచుండగా, తంగేడు బంగారువన్నెతో విరగబూయును. మా అమ్మీ దానిని దక్కనీలో ‘తర్వడ్’ అనును. ఆ పొదను పెరటిలో పెంచవలెనని కొన్నేండ్ల క్రిందట గింజలు తెచ్చి, మడి కట్టి, నలుబది దినములు పూటపూటకు నీరు పోసితిని. ఒక్కటియు మొలవలేదు. గింజలు పుచ్చినవని తలచి అందులోనే వంగనారు నాటితిని. మరుసటి ఏడు ఆరుద్ర కార్తె వానలకు, ఎండిన వంగమోళ్ళ నడుమ మూడు తంగేడు మొలకలు తలలెత్తినవి!

గింజలు చావలేదు, నిద్రించినవి. తంగేటి గింజ పైపెంకులో నిలువుగా, దట్టముగా పేర్చినట్లున్న కణముల వరుస ఒకటి కలదు. అది నీటిని లోనికి పోనీయదు. ఎండ, రాపిడి, కాలము కలిసి ఆ పెంకును బీటలు వార్చిన పిదపనే గింజ నీరు త్రాగి ఉబ్బును. దీనిని లోపమనుకొనరాదు. సాలుకు సుమారు 670 మిల్లీమీటర్ల వానయే పడు మన జిల్లాలో, మృగశిరకు ఒక జల్లు కురిసి, తరువాత ఇరువది దినములు మబ్బు జాడ లేకపోవుట క్రొత్త కాదు. గింజలన్నియు ఆ మొదటి జల్లునే నమ్మి మొలచినచో అన్నియు మాడిపోవును. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలచుటచేతనే వంశము నిలిచినది. రైతు చేయలేని పొదుపును గింజ చేయుచున్నది.

అయితే పెరటివానికి అంత ఓపిక యుండదు గదా! మాఘ ఫాల్గుణములలో కాయలు గోధుమవన్నెకు తిరిగి గలగలలాడునప్పుడు కోయవలెను. ఒక్కొక్క పొద నుండి కొద్దిగానే కోసి తక్కినవి గుట్టకే విడువవలెను. రంధ్రము పడిన గింజలో పురుగు తిని పోయినది, దానిని పారవేయవలెను. మంచివానిని ఎండబెట్టి వేపాకుతో గుడ్డసంచిలో కట్టి యుంచవలెను. విత్తుటకు ముందు నీటిని మరగించి, పొయ్యి మీది నుండి దింపి, కొంచెము ఆగి గింజలపై పోసి రాత్రియంతయు వదలవలెను. పొయ్యి మీదనే ఉడికించినచో చచ్చును. తెల్లవారునప్పటికి ఉబ్బినవే విత్తుటకు పనికివచ్చును. ఉబ్బనివానిని గరుకు రాతిపై మెల్లగా రుద్ది మరల నానబెట్టవచ్చును.

రెండుపాళ్ళు ఎర్రమన్ను, ఒకపాలు ఇసుక, ఒకపాలు మాగిన పశువులయెరువు కలిపి, గింజ మందమునకు రెండింతల లోతున విత్తిన చాలును. తంగేటి తల్లివేరు తిన్నగా క్రిందికి దిగును. కావున వెడల్పు పళ్ళెములు పనికిరావు. పొడవైన పాలిథీన్ సంచులు గాని, నిలుచు చోటనే విత్తుట గాని మేలు. గుట్ట నుండి మొక్కను పెరికి తెచ్చువారు ఆ వేరును త్రెంచి తెత్తురు. అది బ్రతుకుట అరుదు. మొదటి ఏడు వాన లేనప్పుడు వారమున కొకసారి తడి చాలును. అది ఆకుల ఏడు, పూలకు తొందరపడరాదు.

శంఖుపుష్పమునకును ఇదే రాపిడి కావలెను, కాని అది కొన్ని మాసములలోనే పూయును. (ఆ తీగకు లిన్నేయసు 1753లో పెట్టిన పేరులోని ‘టెర్నాటియా’ ఇండోనేషియాలోని టెర్నాటే ద్వీపమును తలపించును.) ముళ్ళగోరింటది వేరు గుణము. దాని గింజకు పెంకు బెడద లేదు. ఎండిన కాయ తటాలున పగిలి గింజను దూరముగా విసరును. కావున కాయలకు ముందే పలుచని గుడ్డ కట్టవలెను. అడవినాభి పువ్వు అగ్నిజ్వాలవలె మిక్కిలి అందమైనదే గాని, దుంప మొదలు గింజ దాక అంతయు విషమే. చిన్నపిల్లలున్న ఇంట వలదని నా మాట.

ఒకనాడు తంగేటి చెక్క లేనిదే దక్షిణదేశపు తోళ్ళ పరిశ్రమ లేదు. ఊళ్ళలో తోళ్ళు పదును చేయువారందరు దానిని ఎరుగుదురు. నేడు ఆ అవసరము తగ్గినది. తెలంగాణ ప్రభుత్వము 2014లో దానిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. ఈ పువ్వులో తేనె లేదు, పుప్పొడియే కలదు. నల్లని పెద్ద తుమ్మెద దానిని పట్టుకొని ఝుమ్మని దేహమును కంపింపజేయగా పుప్పొడి రాలును. ఆకును పశువులు సాధారణముగా ముట్టవు గాని, పసుపువన్నె సీతాకోకచిలుకల పురుగులు మేయును. ఆకులు చిల్లులు పడినవని మందు చల్లువారు సీతాకోకచిలుకలను పోగొట్టుకొందురు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన ప్రాంగణమున ప్రతి వర్షాకాలము పచ్చిక వేయుదుము. ప్రతి వేసవి అది ఎండిపోవును. ప్రహరీగోడ వెంబడి పడమటి వైపు రాతినేల ఒక పట్టీగా ఉత్తగా పడియున్నది. దానికి మట్టి తోలనక్కర లేదు, గొట్టము వేయనక్కర లేదు. అనుమతి యిచ్చినచో ఈ వానకారుననే విద్యార్థులతో తంగేడు, ముళ్ళగోరింట అక్కడ విత్తింతును; శంఖుపుష్పమును గోడమీదికి ప్రాకింతును. మూడవ వేసవికి నీరు మానివేసి, ఏవి నిలిచినవో లెక్క వ్రాసి సమర్పింతును. ఈ మాఘమున కోసిన తంగేటి గింజలు రెండు సంచులు నా బల్ల సొరుగులో నున్నవి. ఇంటిలో విత్తదలచిన విద్యార్థులు మృగశిరకు ముందు తెలుగు శాఖకు వచ్చి తలా ఒక పిడికెడు తీసికొనవచ్చును.