మీకు తెలుసా? అంబటి రాయుడి వేలం ధర

గుంటూరులో 1985 సెప్టెంబరు 23న క్రికెటర్ అంబటి రాయుడు పుట్టాడు. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్. 2007లో బీసీసీఐ గుర్తించని ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్)లో చేరి బీసీసీఐ నిషేధానికి గురయ్యాడు. 2009లో క్షమాభిక్ష దక్కింది.

2018 ఐపీఎల్ వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ అతనికి పెట్టింది 2.20 కోట్లు. ఆ సీజన్‌లో అతను చేసినవి 602 పరుగులు, జట్టుకు కప్పు కూడా వచ్చింది. 2022లో అదే జట్టు 6.75 కోట్లు పెట్టింది. ఇది ఒక్క సీజన్ ధర. అదే అమెరికా బేస్‌బాల్‌లో పేరున్న పిచర్లకు (బంతి విసిరే ఆటగాళ్లకు) ఏళ్ల తరబడి ఒప్పందాలుంటాయి, గాయపడ్డా సొమ్ము చేతికొస్తుంది. మన వేలంలో అంత భరోసా లేదు.

వన్డేల్లో 47 సగటు ఉన్నా 2019 ప్రపంచకప్‌కు తీసుకోకపోవడం అన్యాయమే. 2023 ఫైనల్, అతని ఆఖరి ఐపీఎల్ మ్యాచ్: మోహిత్ శర్మ బౌలింగ్‌లో వరుసగా సిక్స్, ఫోర్, సిక్స్, మరుసటి బంతికి ఔట్. 8 బంతుల్లో 19. ముంబయి ఇండియన్స్‌తో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ఐపీఎల్ టైటిళ్లు.