చీరాలకూ చర్లకూ తేడా తెలియని యంత్రం

సినిమా టికెట్లమ్మే యాప్ తెరవగానే ముందు ఊరేదో ఎంచుకోమంటుంది. కాకినాడ మీద వేలు పెడితే ఆ ఊరి హాళ్లు, ఆటల వేళలు వరసగా వచ్చేస్తాయి. ఇలాంటి ఊళ్ల జాబితాను యాప్ చాలాసార్లు తన దగ్గర ఉంచుకోదు. ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడిగి తెచ్చుకుంటుంది. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును ఏ ప్రశ్న ఎలా అడగాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అన్న ఒప్పందాన్నే ఏపీఐ అంటారు. ఊళ్ల జాబితా ఇచ్చే ఏపీఐ వాటిలోకెల్లా సాదాసీదాది. కొత్తగా ప్రోగ్రామింగు నేర్చుకునేవాడికి మొదటి వారంలోనే అప్పజెప్పేంత సులువుగా కనిపిస్తుంది. నిజానికి అందులో ఉన్న తిరకాసులు చాలా పెద్ద పనుల్లో కూడా ఉండవు.

సర్వర్ పంపే జవాబులో ఒక్కో ఊరికి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య కొన్ని వివరాలుంటాయి. ఊరి పేరు, రాష్ట్రం, దేశం, అక్షాంశ రేఖాంశాలు, ఒక సంఖ్య, చివరగా స్లగ్. ఆ ఊరి పేజీకి వెళ్లే వెబ్ చిరునామాలో ఊరిని గుర్తుపట్టే ముక్కే స్లగ్. అన్నీ చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలు, పదాల మధ్య ఖాళీకి బదులు అడ్డగీత. న్యూయార్క్ అయితే 'న్యూ-యార్క్' అన్నమాట.

పేరును ఉన్నదున్నట్టు పెట్టేస్తే ఏం? వెబ్ చిరునామా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణ పత్రం 2005లో వచ్చింది. అందులో ఎక్కడైనా నిర్భయంగా వాడుకోదగినవి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, ఇంకో నాలుగు గుర్తులు మాత్రమే. తెలుగు అక్షరాన్ని చిరునామాలో పెట్టాలంటే దాన్ని మూడు బైట్లుగా విడగొట్టి, ఒక్కో బైటుకు ఒక శాతం గుర్తు, దాని వెనక రెండు అంకెలో అక్షరాలో రాయాలి. అంటే ఒక్కో గుర్తుకు తొమ్మిది. కంప్యూటర్ లెక్కలో గుడి, దీర్ఘం కూడా విడి గుర్తులే కాబట్టి 'విజయవాడ'లో ఉన్నవి ఏడు. ఏడు తొమ్మిదులు అరవై మూడు. తెలుగు వికీపీడియా లింకును వాట్సాప్‌లో పెడితే ఒక్కోసారి మూడు వరసల శాతం గుర్తులు వచ్చి పడేది ఇందుకే.

బ్రౌజర్లు ఇప్పుడు ఆ గజిబిజిని దాచి మనకు తెలుగే చూపిస్తున్నాయి. అలాంటప్పుడు తెలుగు స్లగ్గులే వాడుకోవచ్చు కదా? వాడుకోవచ్చు, పనిముట్లు సహకరిస్తే.

వెబ్‌సైట్లు కట్టడానికి ప్రపంచమంతా వాడే జాంగో అనే పైథాన్ ఉపకరణంలో, పేరిస్తే స్లగ్ చేసిచ్చే చిన్న ఫంక్షన్ ఒకటుంది. మామూలుగా అది ఇంగ్లిష్ కాని అక్షరాలన్నిటినీ పారేస్తుంది. దానికి 'గుంటూరు' అని తెలుగులో ఇస్తే తిరిగొచ్చేది శూన్యం, ఒక్క అక్షరం కూడా మిగలదు. ఇతర లిపులనూ ఉంచమని చెప్పే మీట ఒకటుంది, అది నొక్కితే ఇంకా తమాషా. తిరుపతి 'తరపత' అవుతుంది. ఒంగోలు 'ఒగల' అవుతుంది. చీరాలను ఇస్తే 'చరల' వస్తుంది, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని చర్లను ఇచ్చినా 'చరల'యే. గోదావరికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లు ఒకే పేజీలో పడ్డాయి! కడప మాత్రం చెక్కుచెదరదు. ఆ పేరులో గుణింతమే లేదు మరి.

ఇలా ఎందుకవుతుంది? ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలిచ్చిన యూనికోడ్, అచ్చులను, హల్లులను 'అక్షరాలు' అనే వర్గంలో ఉంచింది. గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను 'చిహ్నాలు' అనే వేరే వర్గంలో చేర్చింది. ఆ విభజనలో తప్పేమీ లేదు. పైథాన్‌లో 'పదంలో భాగం' అంటే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు అని నిర్వచించుకున్నారు, చిహ్నాలను వదిలేశారు. ఫ్రెంచి, జర్మన్ పేర్లకు ఇది అడ్డం రాలేదు, ఎందుకంటే నెత్తిన గీతో చుక్కో ఉన్న వాళ్ల అక్షరాలకు కలిపి ఒకే సంఖ్య ఉంటుంది. హిందీ, తమిళం, కన్నడం, మనం మాత్రం గుణింతాలు పోగొట్టుకున్నాం. సరిచేయడం కష్టమేమీ కాదు, చిహ్నాల వర్గాన్ని కూడా ఉంచమని ఒక వరుస మారిస్తే చాలు. ఆ వరుస మార్చాలని తెలియాలి, అంతే. తెలుగు సైట్లలో సైతం ఇంగ్లిష్ స్పెల్లింగు స్లగ్గులే ఎక్కువగా కనిపించడానికి ఈ తలనొప్పి కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇంగ్లిష్ స్పెల్లింగుతో ఇంకో చిక్కు. తిరుపతి చివర 'తి'ని కొందరు హెచ్ పెట్టి రాస్తారు, కొందరు పెట్టకుండా రాస్తారు. విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు అంతా ఒకే ఊరి మాట. అందుకని జాగ్రత్తపరులు పేరును, స్లగ్గును, సంఖ్యను మూడు వేర్వేరు గళ్లలో ఉంచుతారు. కోటికి పైగా స్థలాలను నమోదు చేసిన జియోనేమ్స్ అనే ఉచిత భాండాగారంలో మన హైదరాబాద్ సంఖ్య 1269843. సింధు రాష్ట్రంలోని పాకిస్తాన్ హైదరాబాదుకు వేరే సంఖ్య. ఆ సంఖ్య కింద ఎన్ని పేర్లయినా, ఎన్ని భాషల్లోనైనా చేర్చుకోవచ్చు. మన దేశంలో పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కూడా గ్రామగ్రామానికీ ఇలాగే ఒక కోడ్ ఇస్తుంది.

పేర్లు మారతాయి కదా. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరమైంది, అలహాబాద్ 2018లో ప్రయాగరాజ్ అయింది. స్లగ్ కూడా మార్చేస్తే పాత లింకులన్నీ 404 అని చెప్పి చేతులెత్తేస్తాయి. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక చిన్న వ్యాసం రాసి, ఒకసారి ఇచ్చిన చిరునామాను మార్చవద్దని గట్టిగా వాదించాడు. మార్చక తప్పకపోతే పాత చిరునామాకు వచ్చినవాళ్లను 301 అనే సంకేతంతో కొత్తదానికి శాశ్వతంగా మళ్లించాలి. రైల్వేవాళ్లు చాలాచోట్ల ఆ జోలికే పోలేదు. విజయవాడ స్టేషన్ కోడ్ నేటికీ బీజడ్ఏ, అంటే బెజవాడే. కాకినాడ టౌన్ కోడ్ సీసీటీలో ఇంగ్లిష్‌వాళ్ల కోకనాడ ఇంకా బతికుంది. విమానాశ్రయాల సంగతి ఇంకా విచిత్రం. 2008లో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు తరలినప్పుడు హెచ్‌వైడీ అనే కోడ్ కూడా వాటి వెంటే వెళ్లిపోయింది. బేగంపేటకు వేరే కోడ్ ఇచ్చారు.

ఇక ఒకే పేరున్న ఊళ్లు. అమెరికాలో ఓరెగాన్ పోర్ట్‌లాండ్, మెయిన్ పోర్ట్‌లాండ్ ఉన్నాయి. స్లగ్ చివర రాష్ట్రం పేరులోని రెండక్షరాలు తగిలిస్తే అక్కడ సరిపోతుంది. సోమరి ప్రోగ్రాములు రెండోసారి వచ్చిన పేరుకు '-2' తగిలించి ఊరుకుంటాయి. ఏది ఒకటి, ఏది రెండు అన్నది ఎవరు ముందు ఎక్కించారన్నదాన్ని బట్టి ఉంటుంది కనక, ఈ పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. మన దగ్గర జిల్లా పేరు తగిలిద్దామనిపిస్తుంది. కృష్ణా జిల్లాలో విమానాశ్రయం ఉన్న గన్నవరం, తూర్పుగోదావరిలో ఇంకో గన్నవరం, బాగానే ఉంది. కానీ 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, ఆ రెండో గన్నవరం కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31, 2019లో 33 అయ్యాయి. జిల్లాను తోకగా పెట్టుకున్న స్లగ్గులెన్నో పాతబడ్డాయి. మాడుగుల అనే పేరున్న రెండు ఊళ్ల విషయంలో అయితే జిల్లా తోక మొదటినుంచీ పనికిరాదు, 2022 దాకా రెండూ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. మనవాళ్లు మనుషులకు ఇంటిపేరు పెట్టినట్టే ఊళ్ల ముందు పొడి అక్షరం పెట్టి ఎప్పుడో ఈ లెక్క తేల్చారు: పి.గన్నవరం, ఐ.పోలవరం, యు.కొత్తపల్లి, జి.మాడుగుల, వి.మాడుగుల. బస్సు బోర్డు మీదా అదే, మండల కార్యాలయం బోర్డు మీదా అదే. స్లగ్ కోసం చేయాల్సిందల్లా ఆ చుక్కను అడ్డగీతగా మార్చడం.

ఏ సైటు స్లగ్ ఆ సైటుదే కాబట్టి ఒకచోట 'రాజమండ్రి' అని ఉన్నది మరోచోట 'రాజమహేంద్రవరం' కావచ్చు. ఊళ్ల జాబితా ఏపీఐ ఉన్నదే అందుకు. ప్రోగ్రాము రాసేవాళ్లు స్లగ్గును ఊహించి రాసుకోకుండా జాబితాను అడిగి తీసుకోవాలి, రోజుకోసారి మళ్లీ అడిగితే చాలు, తమ దగ్గర దాచుకోవలసింది మాత్రం సంఖ్యను.