బాలింత భోజనం.. బిడ్డ బరువు

బాలింతకు ఏం పెట్టాలన్న విషయంలో ప్రాంతానికో ఆచారం. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌ ఇళ్లలో నెయ్యి, చక్కెర దట్టించిన పంజీరీ, గోంద్ లడ్డూలు తప్పనిసరి. అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కొన్ని వెల్లుల్లి కారంతో పథ్యం పెట్టి, పప్పును, పండ్లను దూరం ఉంచుతాయి. తల్లి తిండి వల్ల బిడ్డకు స్థూలకాయం వస్తుందేమోనన్న కొత్త భయం ఇప్పుడు ఈ రెండు పద్ధతులకూ తోడైంది.

తల్లి తిన్నదంతా యథాతథంగా పాలలోకి చేరదు. లాక్టోజ్, మాంసకృత్తుల పరిమాణం పెద్దగా మారదు. మారేది ప్రధానంగా కొవ్వుల రకం. చేపలు తినే తల్లి పాలలో మెదడు ఎదుగుదలకు తోడ్పడే డీహెచ్‌ఏ పెరుగుతుంది. ఆహారంలోని ట్రాన్స్ కొవ్వులు కూడా అదే దారిలో బిడ్డను చేరతాయి. విటమిన్ ఏ, బీ12, అయోడిన్ సైతం తల్లి ఆహారాన్ని అనుసరించే ఉంటాయి. కాల్షియం సంగతి వేరు. ఆహారంలో లోటుంటే తల్లి ఎముకల నుంచే పాలకు అందుతుంది. నష్టపోయేది ఆమే.

మరి స్థూలకాయం? చక్కెర పానీయాల్లో ఉండే ఫ్రక్టోజ్ తల్లిపాలలో ఎక్కువగా ఉంటే శిశువు శరీరంలో కొవ్వు పెరగవచ్చని 2017లో అమెరికా అధ్యయనం ఒకటి సూచించింది. అయితే అందులో పాల్గొన్నది 25 మంది తల్లీబిడ్డలే. దాని ఆధారంగా తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది.

ఢిల్లీ అనుభవం మరో హెచ్చరిక చేస్తోంది. 1969–72 మధ్య దక్షిణ ఢిల్లీలో పుట్టిన శిశువులను పరిశోధకులు పెద్దయ్యేవరకు గమనించారు. వారిలో 26–32 ఏళ్ల వయసుకు చేరిన 1,492 మంది ఫలితాలు 2004లో వెలువడ్డాయి. మధుమేహం, లేదా దాని ముందుదశ కనిపించినవారు రెండేళ్ల వరకు సన్నగా ఉండి, ఆ తర్వాత వేగంగా బరువు పెరిగినవారు. పన్నెండేళ్ల వయసులో వీరిలో ఒక్కరూ స్థూలకాయులు కారు. ఈ పరిశోధన తల్లుల ఆహారం గురించి కాదు. అయినా బిడ్డ లావవుతాడని భయపడి బాలింత కడుపు మాడ్చుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి ఊహించవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాల ప్రకారం తొలి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు అదనంగా 600 కిలోకేలరీల శక్తి, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అవసరం. లడ్డూలతో శక్తి సమకూరుతుంది కానీ, పప్పు, పెరుగు, గుడ్డు, ఆకుకూరల లోటు తీరదు.

తల్లిపాలు తాగే బిడ్డ తొలి నెలల తర్వాత డబ్బాపాల బిడ్డకన్నా నెమ్మదిగా బరువు పెరుగుతుంది. పాలు చాలడం లేదని తల్లులు సీసా అందుకునేది తరచూ అప్పుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలు తల్లిపాలు తాగిన పిల్లల కొలతలతో రూపొందినవి. ఆ కొలతలు సేకరించిన ఆరు దేశాల్లో భారత్ ఒకటి; ఇక్కడ ఎంపికైన నగరం ఢిల్లీ. అంగన్‌వాడీలో బిడ్డ బరువును పోల్చి చూసే గీత అదే.