ఉప్పునీట నిలిచే లోహాలు

విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో కాపురమున్న వారికి తుప్పును గూర్చి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. కిటికీ ఊచలు, తలుపు బందులు, సైకిలు గొలుసు, అన్నింటినీ ఉప్పుగాలి మెల్లమెల్లగా తినివేస్తూ ఉంటుంది. గాలియే ఇంత చేయగా, అహర్నిశలూ సముద్రంలో మునిగియుండే ఓడ అడుగుభాగం మాటేమిటి?

సముద్రజలంలో నూటికి సుమారు మూడున్నర పాళ్లు లవణాలున్నవి. అందుచేత అది మంచినీటికంటె ఎన్నోరెట్లు సులభంగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానినొకటి తాకుతూ ఆ నీటిలో ఉంటే, మనకు తెలియకుండానే అక్కడ ఒక విద్యుద్ఘటం ఏర్పడి, రెండింటిలో చురుకైన లోహం క్రమంగా కరిగిపోతుంది. టార్చిలైటు బ్యాటరీలో తుత్తునాగపు డబ్బా క్షయించడం కూడా ఇట్టిదే.

ఈ పాఠాన్ని బ్రిటిష్ నౌకాదళం ధనం వెచ్చించి నేర్చుకొన్నది. 1761లో 'అలారం' అనే యుద్ధనౌక అడుగున, కొయ్యను తొలిచే పురుగులు చేరకుండా, రాగిరేకులు తాపించారు. రెండేళ్ల అనంతరం పరీక్షించగా, రేకులను పట్టియుంచిన ఇనుపమేకులు చాలచోట్ల శిథిలమై, కొన్ని రేకులు ఊడిపోయి ఉన్నవి. చిత్రమేమంటే, రేకులకు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితం చింపివేయక వదలినచోట మేకులు చెక్కుచెదరలేదు! ఆ కాగితం రాగిని ఇనుమును తాకనీయలేదు. ఎవరో పనివాని అశ్రద్ధయే కాబోలు, శాస్త్రజ్ఞులకు గురువైనది.

1832లో మంట్జ్ అనే ఆంగ్లేయుడు అరవై పాళ్ల రాగికి నలభై పాళ్ల తుత్తునాగం చేర్చి, రాగికంటె చౌకయైన రేకును సిద్ధపరచాడు. కాని ఇత్తడికి ఒక లోపమున్నది. ఉప్పునీరు అందులోని తుత్తునాగాన్ని లాగివేయగా, ఆకారం చెడకుండానే గుల్లబారిన రాగి మిగులుతుంది. పైకి దృఢంగా కనబడుతూ తటాలున విరిగే గొట్టం ఓడలో ఉండటం ఎంత ప్రమాదమో ఊహించవచ్చును. దీనికి విరుగుడుగా ఇత్తడిలో నూటికొక పాలు తగరం కలిపారు. నేడు సముద్రజలం పారే గొట్టాలకు తొంబై పాళ్లు రాగి, పది పాళ్లు నికెల్ గల మిశ్రమం, ప్రొపెల్లర్లకు నికెల్, అల్యూమినియం చేరిన కంచు విరివిగా వాడుకలో ఉన్నవి.

మరి స్టెయిన్‌లెస్ ఉక్కు సంగతి? అందులోని క్రోమియం పైన పలుచని రక్షణపొరను ఏర్పరుస్తుంది. గీతపడితే గాలిలోని ప్రాణవాయువుతో ఆ పొర మరల అల్లుకొంటుంది. అయితే ఉప్పులోని క్లోరైడు, నీరు కదలని సందులలో ఆ పొరను ఛేదించి సూదిబెజ్జాలవంటి గుంటలు చేస్తుంది. కనుక మన వంటింటి గిన్నెల ఉక్కు సముద్రానికి చాలదు. మాలిబ్డినం చేర్చిన రకాలు కావాలి.

కాంక్రీటులో పొదిగినప్పుడు మాత్రం కథ వేరు. కాంక్రీటు క్షారగుణం కడ్డీకి అండగా నిలుస్తుంది. మెక్సికోలోని ప్రోగ్రెసో రేవులో 1937-41 మధ్య స్టెయిన్‌లెస్ కడ్డీలతో రెండు కిలోమీటర్లకు పైబడిన ధక్కా కట్టారు. అది నిలిచియున్నది, ప్రక్కనే తరువాత సాధారణపు ఉక్కుతో కట్టినది శిథిలమైపోయినది. ఈ కడ్డీల ఖరీదు అనేకరెట్లు ఎక్కువన్నది నిజమే. అయినను, 2025 ఏప్రిల్‌లో రామేశ్వరం వద్ద ప్రారంభమైన క్రొత్త పంబన్ రైలువంతెనకు కూడా స్టెయిన్‌లెస్ కడ్డీలనే వినియోగించారు.