మెక్సికన్ శబ్దార్థ విచారము – ఆంగ్ల, తుర్కీ భాషలలో దాని ప్రవృత్తి

శబ్దమునకును అర్థమునకును గల సంబంధమును విచారించుట మన శాస్త్రములలో అనాదిగా వచ్చుచున్న పరిపాటి. ఆ విచారము సంస్కృతాంధ్ర శబ్దములకే పరిమితము కావలెనను నియమము లేదు. మన తద్ధిత ప్రకరణమునందలి సూక్ష్మదృష్టి అన్యభాషా శబ్దములయందును ఎంత ఉపకరించునో చూపుటకు ఒక చిన్న యుదాహరణమును గ్రహించి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

కొలదికాలము క్రిందట, నా వద్ద వ్యాకరణము చదివిన యొక యువకుడు ఆంగ్లమునుండి తాను తెనిగించిన వ్యాసమును చూపించెను. అందు అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టి పెరిగి అచ్చటనే పనిచేయుచున్న ఒక ఉపాధ్యాయుని "మెక్సికో దేశీయుడు" అని వ్రాసియుండెను. "ఇతడు ఏ దేశపు పౌరుడు నాయనా?" అని యడిగితిని. "అమెరికా పౌరుడేనండి. కాని మూలములో మెక్సికన్ అనియే యున్నది" అని యతడు బదులు చెప్పెను. మూలమును చూచితిని. అతడు చెప్పినది నిజమే. మూలమున తప్పు లేదు, అనువాదమున మాత్రము తప్పు వచ్చినది. ఒకే శబ్దము ఒక భాషలో ఒప్పై, మరియొక భాషలోనికి వచ్చునప్పటికి తప్పగుట యెట్లు? ఈ ప్రశ్నయే ఈ విచారమునకు బీజము.

మొదట ప్రకృతిని చూతము. మెక్సికో అను పేరు స్పెయిను దేశీయులు పెట్టినది కాదు. ఆ దేశపు ప్రాచీనభాషయైన నావాట్లులో మెషిక అనునది ఒక జనవాచకము. మనము అజ్టెకులని వ్యవహరించువారు తమ్ము తాము పిలుచుకొన్న పేరది. ఆ భాషలో కో యనునది స్థలవాచక ప్రత్యయము. మెషికో యనగా వారి పట్టణ ప్రదేశము. 16వ శతాబ్దిలో స్పానిషు లిపియందలి ఎక్స్ అక్షరమునకు షకారోచ్చారణ ముండెను గనుక ఆ యక్షరముతో ఈ పేరును వ్రాసికొనిరి. తరువాత స్పానిషులో ఆ ధ్వని మారి కంఠ్యమైన హకారముగా పరిణమించినది. అందుచే నేడు స్పానిషువారు మెహికో యందురు. ఆంగ్లేయులు వ్రాతనుబట్టి క్సకారముగా పలికిరి. తుర్కీవారు మెక్సికా యని పలుకుటయే గాక ఆ పలుకునకు తగినట్లే వ్రాసికొనిరి. మూలమందలి షకారము ఈ రెండు భాషలలోను లుప్తమైనది. అమెరికాలోని మెక్సికో సంతతివారిలో పలువురు తమకు పెట్టుకొన్న చికానో యను పేరు, మెషికానో యను పాత యుచ్చారణమునుండి పుట్టినదని పెక్కురు పండితుల యభిప్రాయము. అట్లైన ఆ పాతధ్వని ఛాయ అందు మిగిలినదని చెప్పవచ్చును.

ఇక ప్రత్యయము. ఆంగ్లమందలి అన్ ప్రత్యయము లాటినుభాషలోని ఆనుస్ నుండి వచ్చినది. "దానికి సంబంధించినది" అని దాని సామాన్యార్థము. మన శైషిక తద్ధితములవలె ఇదియు అనేకార్థములను మోయును. స్రుఘ్నమను పట్టణమునుండి స్రౌఘ్న శబ్దము నిష్పన్నమగును. అక్కడ పుట్టినవాడు, అక్కడ నుండువాడు, అక్కడినుండి వచ్చినవాడు – ఇందరును స్రౌఘ్నులే. రూపమొక్కటియైనను పాణిని అర్థములను వేర్వేరుగా విధించెను. ఆంగ్ల వైయాకరణులు ఇంత విభాగము చేయలేదు. కావున ఆ భారము నిఘంటుకారులపై పడినది.

ఆంగ్లమున మెక్సికన్ శబ్దమునకు గల ప్రధానార్థములు ఇవి. మొదటిది, విశేషణముగా మెక్సికోకు సంబంధించినది: అచ్చటి వంట, సంగీతము, నాణెము మున్నగునవి. రెండవది, నామవాచకముగా మెక్సికో పౌరుడు లేదా అచ్చట పుట్టినవాడు. మూడవది, అమెరికా సంయుక్త రాష్ట్రముల వాడుకలో, మెక్సికో సంతతికి చెందిన అమెరికావాసి. నాల్గవది, నేడు దాదాపు లుప్తమైనది, నావాట్లు భాష. 1571లో మోలీనా యను క్రైస్తవ సన్యాసి ముద్రించిన ప్రసిద్ధ నిఘంటువునందు "మెక్సికన్ భాష" యనగా స్పానిషు కాదు, నావాట్లే. ఆ కాలపు గ్రంథములను చదువువారు ఈ నాల్గవ యర్థమును మరచినచో పెడదారి పట్టుదురు.

వీనిలో రెండవ మూడవ యర్థములకు గల భేదమే మన యువకుని తడబాటునకు హేతువు. ఈ భేదమును మన శాస్త్రము ఏనాడో గుర్తించినది. నివాసము, అభిజనము అని పాణిని రెండర్థములను రెండు సూత్రములలో వేరుచేసెను. తాను ఇప్పుడు వసించు చోటు నివాసము. పూర్వులు వసించిన చోటు అభిజనమని వ్యాఖ్యాతల వివరణము. రూపము ఒకటే యగునప్పుడు రెండు సూత్రములేల యని బాల్యమున పాఠశాలలో నాకు సందేహము కలిగెడిది. ఇందుకు ఫలము లోకమున నున్నదని ఇప్పుడు తోచుచున్నది. మన ఇంటిపేర్లలో పెక్కు గ్రామనామములు అభిజనవాచకములే. వెలనాటివారు, ములకనాటివారు అనునవియు అట్టివే. ఆ నాటిసీమలను ఎన్నడును చూడనివాడును వెలనాటివాడగుటకు అభ్యంతరము లేదు.

ఈ రెండర్థముల సాంకర్యము కేవలము పండితచర్చకు సంబంధించినది కాదు. 1848లో గ్వాడలూపే హిడాల్గో సంధివలన మెక్సికో భూభాగములో పెద్దభాగము అమెరికా వశమైనది. అచ్చటి నివాసులలో అత్యధికులు ఉన్నచోటనే యుండి అమెరికా పౌరులైరి. వారు దేశము మారలేదు, దేశమే వారిపైనుండి మారినది. అయినను లోకము వారిని మెక్సికన్లనియే పిలుచుచు వచ్చినది. 1930 నాటి అమెరికా జనగణనయందు మెక్సికన్ అనుదానిని ఒక జాతిగా లెక్కించిరి. తాను మెక్సికోలో పుట్టినవాడేగాక, తలిదండ్రులు అచ్చట పుట్టినవాడును ఆ లెక్కలోనికి వచ్చెను. అనగా జన్మస్థానమును అభిజనమును ఒకే గడిలో చేర్చిరి. ఆక్షేపణలు రాగా 1940 జనగణనలో ఆ విభాగమును తొలగించిరి. ఆ దశాబ్దిలోనే, ఆర్థికమాంద్యకాలమున, లక్షలాది మెక్సికన్లు అమెరికానుండి మెక్సికోకు తరలింపబడిరి. కొందరు బలవంతముచేతను, కొందరు భయముచేతను పోయిరి. వారిలో అమెరికాలో పుట్టి అమెరికా పౌరులైన వారు, పసిపిల్లలు, అనేకులుండిరి. నివాసముచే అమెరికన్లైనవారిని అభిజనమునుబట్టి పరదేశులను చేసిన అన్యాయమిది. ఇందులకు 2005లో కాలిఫోర్నియా శాసనసభ చట్టరూపమున క్షమాపణ చెప్పినది. ఒక తద్ధితార్థమును మరియొకటిగా గ్రహించుటవలన ఇళ్లు వాకిళ్లు పోగొట్టుకొన్నవారు కలరని దీనివలన తెలియుచున్నది. శబ్దమే యంతటికిని కారణమని నేననను. కాని శబ్దమునందలి అస్పష్టత అన్యాయమునకు అనుకూలించినదని చెప్పక తప్పదు.

ఇక తుర్కీభాష. అచ్చట చదివివచ్చిన యొక మిత్రుని సాహాయ్యమున గ్రహించిన విషయములను మనవి చేయుచున్నాను. ఆంగ్లము ఒక్క శబ్దముతో నిర్వహించు పనిని తుర్కీ రెండు విధములుగా విభజించుకొన్నది. మనుష్యుని చెప్పునప్పుడు మెక్సికా శబ్దముపై లి ప్రత్యయమును చేర్చి మెక్సికాలి యందురు. వస్తువును చెప్పునప్పుడు సామాన్యముగా ఈ ప్రత్యయము రాదు. మెక్సికా మూత్‌ఫా యనగా మెక్సికో వంటకము. ఇందు పూర్వపదము మార్పు లేక నిలుచును. వంటయిల్లు అను నర్థము గల ఉత్తరపదమైన మూత్‌ఫాక్ శబ్దము ప్రత్యయమును పొంది అంత్యమున మారును. మన షష్ఠీతత్పురుష విగ్రహమున సంబంధచిహ్నము పూర్వపదముపై నుండగా, తుర్కీలో అది ఉత్తరపదమున నుండుట గమనింపదగినది.

ఈ లి ప్రత్యయము అక్కడి స్వరసామ్య నియమముననుసరించి నాలుగు రూపములు పొందును. ఇజ్మిర్ పురవాసి ఇజ్మిర్లి, ఇస్తాంబుల్ వాసి ఇస్తాంబుల్లు. మెక్సికాలి యందలి చివరి స్వరము ఇకార ఉకారములకు నడిమిది. మన లిపిలో దానికి గుర్తు లేదు. తెలుగువారికి ఈ నియమము వింత కాదు. హరికి, గురువునకు అనుచోట్ల కికువులు పూర్వస్వరమునుబట్టియే కదా మారుచున్నవి.

ఇంకొక విశేషము. ఈ ప్రత్యయమే మతుబర్థమునందును వచ్చును. తూజ్ అనగా ఉప్పు, తూజ్లు అనగా ఉప్పుగలది. అకిల్ అనగా బుద్ధి, అకిల్లి అనగా బుద్ధిమంతుడు. కావున మెక్సికాలి యనగా "మెక్సికో కలవాడు" అని యవయవార్థము చెప్పికొనవచ్చును. సంస్కృతమున వేర్వేరు ప్రత్యయములు చేయు పనిని ఇచ్చట ఒక్కటే చేయుచున్నది. తెలుగున ఊరివాడు, బుద్ధిగలవాడు అని రెంటికిని వాడు శబ్దమును అనువర్తించుట దీనికి కొంత సమీపముగా నున్నది.

తుర్కీలోను ఈ ప్రత్యయము నివాసాభిజనములు రెంటిని చెప్పును. "నెరెలిసిన్" అనగా "నీవు ఏ యూరివాడవు?" అని ప్రశ్న. ఇస్తాంబుల్లో పుట్టినవాడైనను పూర్వులు సివాస్ సీమవారైనచో సివాస్లి నని బదులు చెప్పుట కలదు. కాని దేశాంతర విషయమున సందేహము రాకుండుటకు వారొక మార్గము కల్పించుకొనిరి. కాలిఫోర్నియా ఉపాధ్యాయుని వంటివానిని "మెక్సికా కొకెన్లి అమెరికాలి" యందురు. కొకెన్ అనగా మూలము. మెక్సికో మూలము గల అమెరికావాడని యర్థము. కొకెన్లికి బదులు అసిల్లి యనుటయు కలదు. ఇందలి అసిల్, మన తెలుగున వాడుకలోనున్న "అసలు" – ఇవి రెండును ఒకే అరబ్బీ శబ్దమునుండి వచ్చినవి. అభిజనమునకొకటి, పౌరత్వమునకొకటి, రెండు పదములుంచి వారు సందేహమును నివారించుకొనిరి.

యౌగికార్థమును వదలి రూఢిచే నడచు ప్రయోగములును కొన్ని కలవు. క్రీడాప్రాంగణమున ప్రేక్షకులు వరుసగా లేచి కూర్చుండుచు అలవలె కనిపించుటను బ్రిటిషు ఆంగ్లమున మెక్సికన్ వేవ్ అందురు. 1986లో మెక్సికోలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలవలన ఈ పేరు వ్యాపించినది. ఆ క్రీడావినోదము అంతకుముందే అమెరికాలో నుండెను. అమెరికనులు నేటికిని దానిని వేవ్ అనియే యందురు. తుర్కీవారు మెక్సికా దాల్గాసి యనిరి. దాల్గా యనగా అల. అట్లే పరస్పరము ఆయుధములు గురిపెట్టుకొని ఎవరును ముందు కదలలేని స్థితిని ఆంగ్లమున మెక్సికన్ స్టాండాఫ్ అనియు, తుర్కీలో మెక్సికా అచ్‌మజి అనియు వ్యవహరింతురు. ఇచ్చట మెక్సికోను వెదకుట కుశలశబ్దమున దర్భలను వెదకుట వంటిది.

పేరులో మెక్సికో ఉండియు వస్తువున లేకపోవుట ఇది. దీనికి విపర్యయమును కలదు. టర్కీ కోడి నిజముగా మెక్సికోలో మచ్చికైన పక్షి. దానికి ఆంగ్లేయులు తుర్కుల దేశము పేరు పెట్టిరి. తుర్కులు హిందీ యని మన దేశము పేరు పెట్టిరి. మన బంతిపూవు మెక్సికో సీమలదైయుండగా ఆంగ్లమున ఆఫ్రికా బంతియైనది. నామము వస్తువు జన్మస్థానమునకు ఎల్లపుడును ప్రమాణము కాదు.

అయితే ప్రమాణమగు చోటును ఒకటి చెప్పవలెను. పసుపుపచ్చని పాలుకారు ముళ్లమొక్క, కొన్ని తావుల బ్రహ్మదండి యనబడునది, శాస్త్రనామమున ఆర్జిమోనే మెక్సికానా. లిన్నేయస్ 1753లో పెట్టిన ఈ పేరు ఇచ్చట సార్థకము. ఆ మొక్క మెక్సికో ప్రాంతమునుండి ఐరోపావారి రాకపోకలతో మన దేశమునకు వచ్చినది. చరకసుశ్రుతాదులు చెప్పిన స్వర్ణక్షీరి ఇదియేయని కొందరు వ్యాఖ్యానించుట కలదు. వేయేండ్లకు పైబడిన గ్రంథములందలి ఓషధి, నిన్నమొన్న వచ్చిన మొక్క యెట్లగును? పాలవర్ణమును చూచి పేరు అంటగట్టిరి. ఈ మొక్క గింజల నూనె విషము. ఆవనూనెలో అది కలిసినందువలన 1998లో ఢిల్లీలో పెక్కుమంది ఒడలు వాచి వ్యాధిగ్రస్తులైరి, మరణించినవారును కలరు. కావున మెక్సికానా యను నొక్క విశేషణమును సరిగా చదువుట ఆయుర్వేద గ్రంథములను బోధించువారికి ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

ఇంతకు తేలినదేమనగా, ఆంగ్లమున మెక్సికన్ అని కనబడినపుడు తెలుగువాడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. చెప్పబడినది మనిషియా, వస్తువా? మనిషియైనచో నివాసమా, అభిజనమా? గ్రంథము ప్రాచీనమైనచో భాషయా? సమస్తపదమైనచో యోగమా, రూఢియా? వస్తువునకు "మెక్సికో" అని విశేషణముగా నిలిపిన చాలును. పౌరునకు "మెక్సికో దేశీయుడు" తగును. అమెరికా పౌరునకు "మెక్సికో సంతతి అమెరికావాడు" అనుటయే యుక్తము.

నా శిష్యుడు అట్లే దిద్దుకొనెను. దిద్దుచు, "అండీ, నా మనుమలు అమెరికాలో పుట్టినచో వారు తెలుగువారేనా?" అని యడిగెను. అభిజనముచే తెలుగువారే. నివాసముచే ఎక్కడివారో అక్కడివారు. రెంటిలో ఒకదానిని చెప్పి రెండవదానిని కాదనువాడు వ్యాకరణము చదువలేదని చెప్పి పంపితిని.