హైబ్రిడ్ కారుకు ప్లగ్ ఉంటుందా?

హైబ్రిడ్ అనగానే మనకు గుర్తొచ్చేది విత్తనాలు, టమాటాలు. తెలుగులో సంకరం అంటాం. కార్లలో కలిసేవి పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటారు. వ్యాకరణం క్లాసులో చదువుకున్న మిశ్రసమాసం లాంటిదే ఇదీ. ‘వంటశాల’లో వంట తెలుగు, శాల సంస్కృతం, మాట మాత్రం ఒక్కటే. అట్లాగే ఇంజిన్ వేరు, మోటారు వేరు, బండి ఒక్కటే.

ఆర్ట్స్ అమ్మాయికి కార్ల గొడవ ఎందుకని అడుగుతారేమో. మాది భివండి పక్కన కాశేలి. తాతల కాలంలో సిరిసిల్ల వైపు నుంచి సాంచెల పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, మరాఠీ రెండూ నడుస్తాయి. ఈ ఏడాది మా మేనమామ తన నాలుగు సాంచెలూ అమ్మేశాడు. ఆ డబ్బుతో కారు కొని కిరాయికి నడపాలని ఆలోచన. ఒకరు హైబ్రిడ్ కొనమన్నారు. ఇంకొకరు, “దానికి రాత్రంతా చార్జింగ్ పెట్టాలి, మన చాల్‌లో ఎక్కడ పెడతవ్?” అన్నారు. ఇరవై ఏళ్ల కష్టం ఒక్క బండిలో పెడుతున్నప్పుడు ఈ మాట నిజమా కాదా తెలియాలి కదా. అందుకే కూర్చొని చదివాను.

నిజం ఏమిటంటే మామూలు హైబ్రిడ్‌కు ప్లగ్గే ఉండదు. దాని బ్యాటరీకి కరెంటు బండిలోంచే వస్తుంది. కొంత ఇంజిన్ ఇస్తుంది, కొంత బ్రేకు ఇస్తుంది. మామూలు కారులో బ్రేకు నొక్కితే బండి వేగమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో అప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి. తిరిగే మోటారు జనరేటర్‌గా మారి కరెంటు పుట్టిస్తుంది. అది బ్యాటరీలో చేరుతుంది. మళ్లీ బండి కదిలేటప్పుడు ఆ కరెంటే ముందుగా పని చేస్తుంది. ఎప్పుడు ఇంజిన్, ఎప్పుడు మోటారు, ఎప్పుడు రెండూ అనేది కంప్యూటర్ చూసుకుంటుంది. అమ్మతో ఒక భాష, గల్లీలో ఒక భాష మేం ఆలోచించకుండానే మార్చినట్టు, డ్రైవరుకు తెలియకుండానే మారిపోతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే ఇట్లాంటి బండి తయారు చేశాడు. పెద్ద ఎత్తున అమ్ముడైన మొదటి హైబ్రిడ్ మాత్రం టయోటా ప్రియస్. 1997లో జపాన్‌లో వచ్చింది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో కూడా ఇంజిన్, మోటారు ఉంటాయి, బ్రేకు కరెంటు ఉంటుంది. తేడా రెండు చోట్ల. బ్యాటరీ చాలా పెద్దది, దాన్ని గోడ ప్లగ్గు నుంచి నింపుకోవచ్చు. చార్జ్ ఉన్నంతసేపు ఎక్కువగా కరెంటు మీదే నడుస్తుంది. అయిపోయాక మామూలు హైబ్రిడ్‌లా పెట్రోల్ మీద సాగుతుంది. చైనాలో బీవైడీ కంపెనీ 2008లో, అమెరికాలో షెవర్లే వోల్ట్ 2010లో ఇట్లాంటివి అమ్మడం మొదలుపెట్టాయి.

పెద్దది అంటే ఎంత పెద్దది? మాకు తెలిసిన సాంచె లెక్కలో చెబుతాను. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీలో పట్టేది 0.76 యూనిట్, అంటే ముప్పావు యూనిట్. ఒక హార్స్ పవర్ మోటారు పూర్తి లోడు మీద గంట నడిస్తే కాలే కరెంటు దాదాపు అంతే. 2023 మోడల్ ప్రియస్ ప్లగ్-ఇన్‌లో పట్టేది 13.6 యూనిట్లు. అదే మోటారు పద్దెనిమిది గంటలు నడవొచ్చు. అందుకే మొదటిది కరెంటు మీద కొద్ది దూరమే పోగలదు, రెండోది అమెరికా లెక్కల ప్రకారం సుమారు 70 కిలోమీటర్లు పోతుంది.

అయితే ప్లగ్-ఇన్ మంచిదేనా? రోజూ చార్జ్ పెట్టేవాళ్లకు మంచిదే. పెట్టకపోతే ఆ బరువైన బ్యాటరీని పెట్రోల్ కాల్చి మోసుకు తిరగాలి. యూరోపియన్ కమిషన్ 2024లో రోడ్ల మీది బండ్ల లెక్కలు బయటపెట్టింది. ప్లగ్-ఇన్ కార్లు వదిలే కార్బన్, కాగితాల మీద చూపినదానికి సుమారు మూడున్నర రెట్లు ఉంది. జనం అనుకున్నంతగా చార్జ్ పెట్టకపోవడం దానికి ముఖ్య కారణం. పైగా మన దేశంలో ఇప్పటిదాకా వచ్చిన ప్లగ్-ఇన్‌లు ఎక్కువగా వోల్వో, బీఎండబ్ల్యూ లాంటి ఖరీదైన బండ్లే.

ఇంకో సంగతి. కొన్ని కార్ల వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్నా అవి మైల్డ్ హైబ్రిడ్‌లు. వాటి చిన్న మోటారు ఇంజిన్‌కు చేయి సాయం చేస్తుంది అంతే, ఒంటరిగా బండిని నడపలేదు. అందుకని “ఇంజిన్ ఆపి ఒట్టి మోటారు మీద నడుస్తదా?” అని అడిగి తీరాలి.

ఇక మామ లెక్క. కాశేలి వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయేవారికి హైబ్రిడ్ బాగా కలిసొస్తుంది, ఎందుకంటే బ్రేకులు ఎక్కువ. పండుగలకు జనాన్ని ఊరికి తీసుకుపోయే హైవే దారి ఏడు వందల కిలోమీటర్లకు తక్కువ ఉండదు. అక్కడ బ్రేకులు తక్కువ, లాభమూ తగ్గుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు, మామూలు కారు లీటరుకు 18, హైబ్రిడ్ 25, పెట్రోల్ వంద రూపాయలు అనుకున్నాం. నెలకు 31 లీటర్లు, అంటే 3,100 రూపాయలు మిగులుతాయి. హైబ్రిడ్‌కు రెండు లక్షలు ఎక్కువ పెడితే అవి తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. కిరాయి పెరిగి నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగితే ఆ కాలం సగమవుతుంది. సీఎన్జీ బండితో కూడా ఇట్లాగే పోల్చి చూడాలి.

మామ కాగితం చూసి, “అయితే ప్లగ్గు సంగతి కాదు బిడ్డా, కిరాయిలు ఎన్ని దొరుకుతయన్నదే అసలు సంగతి” అన్నాడు. ఇప్పుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో తెలిసిన డ్రైవర్లను అడిగి రాసుకుంటున్నాడు. మీ ఇంట్లో ఎవరైనా కారు కొంటుంటే ఈ మూడు ప్రశ్నలు ఇవ్వండి: ఒట్టి మోటారు మీద నడుస్తుందా? ప్లగ్ ఉంటే పెట్టడానికి మనకు చోటుందా? నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం?